ఈకల గాలంతో కొండ ఏటి చేప వేట

జట్టుగా బయలుదేరేవారికి రాడ్డు కంటే ముందు ఏటి సంగతి తెలియాలి

గాలం వేయడం తెలియని కుర్రవాడు డెల్టా పల్లెల్లో ఉండడు. వెదురు గడ, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, చిన్న సీసపు గుండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. ఈ సరంజామాతో పంట కాలువ గట్టున కూర్చుంటే పొద్దు గూకే వేళకు నాలుగు జెల్లలో, మట్టగిడసలో, అదృష్టం బాగుంటే ఒక కొరమేనో దొరక్కపోదు. అయితే ఈ విద్య చాలని చేప ఒకటి ఉన్నది. దాని పేరు ట్రౌట్. కొండల మీద మంచు కరిగి పారే ఏళ్లలో ఉంటుంది. దాన్ని పట్టడానికి వానపాము బదులు కోడి ఈకను వాడతారు.

ఉద్యోగాలకని హైదరాబాదు, బెంగుళూరు చేరిన మన పల్లెల కుర్రకారు జట్లు కట్టి కులూ, మనాలీ వైపు వెళ్లడం ఈ రోజుల్లో మామూలైపోయింది. అక్కడికి వెళ్లాక ఏట్లో గాలం వేయాలన్న సరదా పుట్టడం సహజం. గైడును పెట్టుకుంటే రోజు కూలి ఇవ్వాలి గనుక మనమే వెళదాం అనుకునేవారు కొందరు, ఎవరి వెంటా నడవకుండా సొంతంగా తిరగాలనుకునేవారు కొందరు. గైడు లేకుండా వెళ్లడం తప్పేమీ కాదు. కాని ఏ రాయి మీద కాలు పెట్టాలో, ఏ వేళకు ఏరు పెరుగుతుందో, ఎప్పుడు ఒడ్డు ఎక్కాలో చెప్పేది గైడే. అతడు లేనప్పుడు ఆ పని జట్టులో ఎవరో ఒకరు చేయాలి. ఇంటి దగ్గర చేసుకోవలసిన సన్నాహంలో సగం దానికోసమే.

దొరల వెంట వచ్చిన చేప

ట్రౌట్ మన దేశపు చేప కాదు. ఇంగ్లీషు దొరలు తమ వేట సరదా కోసం తెప్పించుకున్నది. 1899లో ఇంగ్లండు నుంచి కాశ్మీరుకు ఓడలో పంపిన గుడ్లు వేడికి తట్టుకోలేక దారిలోనే చచ్చాయి. మరుసటి ఏడు స్కాట్లాండు నుంచి వచ్చిన గుడ్లు బతికి పిల్లలయ్యాయి. ఆ కాశ్మీరు గుడ్లతోనే 1909లో కులూ లోయలోని మహిలీలో పిల్లల కేంద్రం పెట్టారు. దక్షిణాన నీలగిరుల్లోనూ, మున్నారు కొండల్లోనూ కూడా దొరలు ఈ చేపను వదిలారు. దొరలు వెళ్లిపోయినా చేప మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు హిమాచల్ రైతులు సిమెంటు తొట్లలో చల్లని ఏటి నీరు పారించి దీన్ని పెంచి అమ్ముకుంటున్నారు.

ఇందులో రెండు రకాలు మన దేశంలో ఉన్నాయి. ఒంటి మీద ఎర్రని, నల్లని చుక్కలు ఉండేది బ్రౌన్ ట్రౌట్. పక్కల వెంట గులాబీ రంగు చార ఉండేది రెయిన్‌బో ట్రౌట్. రెండింటికీ చల్లని నీరు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే మేత మానేసి డీలా పడతాయి, 25 చేరితే బతకడం కష్టం. వేసవిలో మన చెరువు నీరు 30 డిగ్రీలు దాటుతుందంటే ఇది ఇక్కడ ఎందుకు లేదో వేరే చెప్పనక్కరలేదు.

మన బొచ్చెలాగా ఇది ఒకచోటు నుంచి మరొక చోటుకు తిరుగుతూ మేత మేయదు. రాతి వెనుక, నీటి ఉరవడి కాస్త తగ్గినచోట, ఎగువ వైపు మూతి పెట్టి నిలబడి ఉంటుంది. ఏటి వాలున కొట్టుకువచ్చే పురుగులను ఉన్నచోటు నుంచే నోటికి అందుకుంటుంది. కాబట్టి దాన్ని పట్టదలచినవారు దిగువ నుంచి, దాని వెనుక నుంచి నెమ్మదిగా రావాలి. ఎగువ నుంచి మనిషి నీడ పడినా, రాళ్ల మీద బూటు చప్పుడైనా చేప కనిపించకుండా పోతుంది. ముదురు రంగు చొక్కాలు, గోధుమ రంగు, ఆకుపచ్చ బట్టలు వేసుకోవడం అందుకే. పండుగకు కుట్టించుకున్న తెల్ల చొక్కా అక్కడ పనికిరాదు.

పుంజు మెడ ఈక

ఇంగ్లీషులో ఈ వేటకు ఫ్లై ఫిషింగ్ అని పేరు. ఫ్లై అంటే ఈగ. ఏటి రాళ్ల అడుగున పురుగులుగా పెరిగి, రెక్కలు రాగానే నీటి పైకి వచ్చి ఎగిరిపోయే చిన్న చిన్న ఈగలే ట్రౌట్‌కు ముఖ్యాహారం. ఆ ఈగను పోలినట్టు కొక్కేనికి దారం, ఈకలు, ఉన్ని చుట్టి బొమ్మ తయారు చేస్తారు. దానిలో తినే వస్తువు ఏమీ లేదు. చేప కంటిని మోసగించడమే దాని పని.

ఇందులో వాడే సరుకు మనకు కొత్తది కాదు. కోడిపుంజు మెడ ఈకలు బిరుసుగా ఉంటాయి. ఆ ఈకను కొక్కెం చుట్టూ చుడితే దాని పోగులు ముళ్లలా నిలబడి, బొమ్మ నీటిపై తేలుతుంది. పెట్ట ఈకలు మెత్తన గనుక మునిగే బొమ్మలకు వాడతారు. నెమలి ఈక పోగులను కొక్కేనికి చుడితే పచ్చగా మెరిసే పురుగు ఒళ్లు తయారవుతుంది. రాలిన నెమలి ఈకలు ఏరుకుంటే చాలు. పందెం కోడి రంగులు చూసి ఇది డేగ, ఇది కాకి, ఇది పర్ల అని చెప్పగల మన పెద్దలకు ఏ పుంజు ఈక ఏ ఈగకు పోలుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. తయారైన బొమ్మలు బజారులో దొరుకుతాయి. అయినా జట్టులో ఒకరు కట్టడం నేర్చుకుంటే మంచిది. చెట్ల కొమ్మలకు, రాళ్లకు తగులుకుని రోజుకు అరడజను పోవడం కొత్తవారికి మామూలే.

కొక్కేల సైజుల్లో ఒక తిరకాసు ఉన్నది. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది. 12, 14, 16 నంబర్లు కొండ ఏళ్లకు సరిపోతాయి. కొక్కెపు ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేసుకోవాలి. వదలదలచిన చేపకు దెబ్బ తగలకుండా ఊడివస్తుంది. వెనుక నిలబడినవాడి చెవికో, చేతికో గుచ్చుకున్నా తేలికగా ఊడివస్తుంది. జట్టుగా గాలాలు విసిరేచోట ఇది చాలా అవసరం. కళ్లకు అద్దాలు, నెత్తికి టోపీ లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకూడదు.

చర్నాకోల తిప్పిన చెయ్యి

మామూలు గాలంలో సీసపు గుండు బరువుకు దారం దూరం పోతుంది. ఈ గాలంలో గుండు లేదు, ఈక బొమ్మకు బరువు లేదు. మరి 30 అడుగుల దూరం ఎలా పోతుంది? బరువు దారానికే ఉంటుంది. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైను అది. దాని చివర 9 అడుగుల సన్న నైలాన్ తీగె, ఆ తీగెకు బొమ్మ. ఎడ్లబండి తోలినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చర్నాకోల కొసకు బరువు ఉండదు. తోలు తాడు బరువే ముందుకు సాగి కొసను తీసుకుపోతుంది. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే చర్నాకోల ఛెళ్లుమనాలి, ఈ లైను ఛెళ్లుమనకూడదు. చప్పుడు వచ్చిందంటే తీగె తెగి బొమ్మ ఊడిపోయిందన్నమాటే.

రాడ్డు 9 అడుగులది, నాలుగు ముక్కలుగా విడిపోయేది కొనడం మేలు. 4 లేదా 5 నంబరు లైనుకు తగినదైతే ట్రౌట్‌కు సరిపోతుంది. రాడ్డు నంబరు, లైను నంబరు ఒకటే ఉండాలి. జట్టులో అందరికీ కొనాలని లేదు. ఇద్దరికి ఒకటి చాలు. ఒకరు వేస్తుంటే రెండోవారు ఏరును కనిపెట్టి చూస్తుండాలి.

విసరడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. కోత అయిపోయిన చేనులోనో, కళ్లంలోనో నిలబడి, కొక్కేనికి బదులు చిన్న ఎర్ర ఉన్ని ముక్క కట్టి, చేట ఒకటి దూరంగా పెట్టి అందులో పడేట్టు విసరాలి. రాడ్డును వెనక్కి తీసి ఆగాలి. లైను వెనుక పూర్తిగా చాచుకున్నాక ముందుకు వేయాలి. ఆ ఆగడమే ఈ విద్య. కొత్తవారు కండ బలం కొద్దీ విసురుతారు, ఆగరు. లైను నెత్తిన పడుతుంది. రోజూ సాయంత్రం అరగంట చొప్పున రెండు మూడు వారాలు చేస్తే చెయ్యి కుదురుతుంది. ఊళ్లోవాళ్లు నవ్వితే నవ్వనీయాలి. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి అక్కడ నేర్చుకుంటామంటే రోజులన్నీ ముడులు విప్పడంతోనే సరి.

లైసెన్సు లేకుండా దిగరాదు

కులూ జిల్లాలోని తీర్థన్ నది ఈ వేటకు పేరుపడింది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లో పుట్టి, గుషైనీ, బంజార్ మీదుగా వచ్చి లార్జీ వద్ద బియాస్‌ను చేరుతుంది. ఆ పార్కును 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. తీర్థన్ మీద జల విద్యుత్ ప్రాజెక్టులు రాకూడదని లోయ ప్రజలు పోరాడి, ప్రభుత్వం చేత ఒప్పించుకున్నారు. ఏరు ఇంకా తన దారిన తాను పారుతున్నదంటే అది వారి చలవే.

ఎంత చిన్న వాగైనా లైసెన్సు లేకుండా ట్రౌట్‌కు గాలం వేయడం నేరం. మత్స్యశాఖవారు రోజుల లెక్కన మనిషికి ఒకటి చొప్పున ఇస్తారు. ఒకరి లైసెన్సుతో నలుగురు వేస్తామంటే కుదరదు. రోజుకు ఆరు చేపలకు మించి పట్టుకుపోరాదు. ఎంత పొడవుకు తక్కువ చేపను వదలాలో, ఏ భాగంలో వేట నిషేధమో, రుసుము ఎంతో లైసెన్సు తీసుకునేటప్పుడే అడిగి కాగితం మీద రాసుకోవాలి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు వేట బంద్. బ్రౌన్ ట్రౌట్ గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెట్టేది ఆ చలికాలంలోనే.

తక్కిన నెలలన్నీ మంచివే అనుకోరాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీరు తేటగా ఉంటుంది, చలి ఉంటుంది. మే, జూన్ నెలల్లో మంచు కరిగి ఏరు పెరుగుతుంది. జూలై, ఆగస్టు వానలకు నీరు బురద అవుతుంది, చేపకు బొమ్మ కనిపించదు. పైగా కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. 2023 జూలైలో కులూ, మండీ జిల్లాల్లో వరదలకు వంతెనలు, రోడ్లు కొట్టుకుపోయి యాత్రికులు ఎక్కడివారక్కడ చిక్కుబడ్డారు. వానలు వెనకపట్టాక సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు నెలల్లో ఏరు మళ్లీ తేటపడుతుంది. దసరా సెలవులకు వెళ్లేవారికి అది అనుకూలమైన కాలం.

ఉదయం దాటిన ఏరు సాయంత్రం దాటనివ్వదు

ఇక అసలు సంగతి. మన కాలువకు లాకులు ఎత్తితే నీరు మెల్లగా వస్తుంది, గట్టున ఉన్నవారు కేక వేస్తారు. కొండ ఏరు అలా కాదు.

ఎండ కాసిన రోజున పైన మంచు కరుగుతుంది. ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటి సాయంత్రం అవుతుంది. పొద్దున్నే మోకాలిలోతున దాటిన ఏరు, నాలుగు గంటలకు నడుము వరకు ఉండవచ్చు. అందుకని పొద్దున అవతలి ఒడ్డుకు వెళ్లినవారు తిరిగి వచ్చేందుకు వంతెన ఎక్కడ ఉన్నదో ముందే చూసుకోవాలి. వంతెన లేకపోతే అసలు దాటకూడదు. ఇవతలి ఒడ్డున కూడా చేపలు ఉంటాయి.

ఉరవడి నీరు మోకాలు దాటితే చాలు, గట్టి మనిషినైనా పడదోస్తుంది. నీళ్లలోకి దిగితే చేతికర్ర ఉండాలి. ఎగువకు తిరిగి, కర్రను ఎగువ వైపు మోపి, పక్కకు పక్కకు జరుగుతూ నడవాలి. కాలి మీద కాలు వేయరాదు. ఏరు వెడల్పుగా పరుచుకున్నచోటే లోతు తక్కువ. ఇరుకైనచోట తేలికగా దాటవచ్చుననుకుంటే మోసమే. సంచి నడుము పట్టీ విప్పుకుని దిగాలి. పడితే సంచిని వదిలేయడానికి వీలుంటుంది. పడి కొట్టుకుపోతుంటే వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టి తేలాలి. నిలబడబోతే కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటుంది. గోదావరి కాలువల్లో ఈదినవారమన్న ధీమా అక్కడ పనికిరాదు. మంచు నీటిలో కొద్దిసేపటికే కాళ్లూ చేతులూ మొద్దుబారుతాయి.

పైన ఎక్కడో వాన పడినా కింద ఎండగానే ఉండవచ్చు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, ఆకులు, పుల్లలు కొట్టుకువస్తున్నా, ఏటి హోరు మారినా ఆ క్షణమే గాలం వదిలి ఎత్తుకు ఎక్కాలి. నీరు పెరగడమే కాదు, కారణం లేకుండా తగ్గినా భయపడవలసిందే. పైన ఎక్కడో చరియ పడి ఏరు అడ్డుకుని ఉండవచ్చు, అది ఏ క్షణాన అయినా తెగవచ్చు.

పోతే, ఆనకట్టలు. తీర్థన్ మీద లేవు గాని, పక్కనే ఉన్న సైంజ్ మీదా, బియాస్ మీదా ఉన్నాయి. 2014 జూన్ 8 సాయంత్రం లార్జీ ఆనకట్టకు దిగువన, థలోట్ వద్ద ఏమి జరిగిందో తెలుగువారు ఎవరూ మరిచిపోలేదు. మనాలీ వెళుతూ దారిలో ఏటి రాళ్ల మీదకు ఫోటోల కోసం దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులను, పైనుంచి ఒక్కసారిగా వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వెంట వచ్చిన యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. వెతుకులాట వారాల తరబడి సాగింది. హెచ్చరిక సరిగా లేదని తేలింది. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

ఆ పిల్లలు చేపలు పట్టడానికి దిగలేదు. ఈతకూ దిగలేదు. పొడిగా ఉన్న రాళ్ల మీద నిలబడ్డారు, అంతే. ఆనకట్టకు దిగువన పొడి రాయి అన్నది లేదని జట్టులో ప్రతి ఒక్కరికీ బయలుదేరక ముందే చెప్పాలి. నీరు ఎంత తక్కువగా కనిపించినా, స్థానికులు ఎవరైనా దిగి ఉన్నా, అక్కడ గాలం వేయరాదు. కూత వినిపిస్తుందని నమ్ముకోరాదు. ఏటి హోరులో కూత వినబడకపోవచ్చు.

జట్టు కట్టేటప్పుడు

నలుగురు లేదా ఆరుగురు ఉంటే మంచిది. బేసి సంఖ్య వద్దు. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక్కొక్క జంట ఏటిలో వేరే భాగానికి వెళ్లాలి. ఒకే గుంట చుట్టూ ఆరుగురు చేరితే చేపలు ఉండవు, స్నేహాలూ ఉండవు. తిరిగి కలుసుకునే చోటు, వేళ పొద్దున్నే నిర్ణయించుకోవాలి. సెల్‌ఫోను అన్నిచోట్లా పలకదు గనుక ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉండాలి. మూడు ఈలలు వేస్తే సాయం కావాలని గుర్తు. బస చేసిన ఇంటివారికి ఏ వైపు వెళుతున్నదీ, ఎప్పటికి వస్తామన్నదీ చెప్పి వెళ్లాలి. హిందీ వచ్చినవాడు ఒకడైనా జట్టులో ఉండి తీరాలి.

పెద్ద ఒకరు ఉండాలి. వయసులో పెద్ద కానక్కరలేదు. ఒడ్డెక్కండి అంటే మారు మాట లేకుండా ఎక్కే మాట అందరూ ముందే ఇచ్చుకోవాలి. ఊళ్లో బావా, మామా అని వరసలు కలిపి ఆటపట్టించుకునేవారికి ఇదే అన్నిటికంటే కష్టం. బావ చెప్పాడని బావమరిది ఎక్కడు. ఎక్కనివాణ్ని జట్టులోకి తీసుకోకపోవడమే మంచిది.

పట్టుగల అడుగున్న బూట్లు, ఉన్ని స్వెట్టరు, వాన కోటు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో, గాయాల మందులు, టార్చి. పులిహోర కట్టుకుపోతే రైలులో సరిపోతుంది. అక్కడ రొట్టె, రాజ్మా, అన్నం దొరుకుతాయి. పచ్చడి సీసా మాత్రం మరవకూడదు.

వదలదలచిన చేపను పొడి చేత్తో పట్టుకోరాదు. ఒంటి మీది జిగురు ఊడి, తరువాత చీడ పట్టి చస్తుంది. చెయ్యి తడుపుకుని, నీటిలోనే కొక్కెం తీసి, ఎగువకు మూతి పెట్టి పట్టుకుంటే తేరుకుని తానే వెళుతుంది.

మొదటి రోజు

విజయవాడ నుంచి ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. అక్కడి నుంచి మనాలీ బస్సు రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి మండీ దాటుతుంది. ఔట్ సొరంగానికి ముందే దిగిపోవాలి. నిద్రపోయినవారు కులూలో తేలతారు. ఔట్ నుంచి బంజార్‌కు, అక్కడి నుంచి గుషైనీకి వేరే బస్సులు ఉన్నాయి.

చేరిన రోజున రాడ్డు విప్పనక్కరలేదు. లైసెన్సు పని చూసుకుని, సాయంత్రం ఒడ్డు వెంట నడిచి రావాలి. రాళ్ల మీద తడి గీత ఎంత ఎత్తున ఉన్నదో చూస్తే ఏరు ఎంత పెరిగి తగ్గుతున్నదో తెలుస్తుంది. టీ కొట్టువాణ్ని అడిగితే నిన్న ఏ వేళకు పెరిగిందో చెబుతాడు. ఒడ్డున మడమలోతు నీటిలో ఒక రాయి తిరగేసి చూడాలి. అడుగున అంటుకుని సన్నని పురుగులు పాకుతుంటాయి. వాటి రంగు, పొడవు చూసుకుని, పెట్టెలోని బొమ్మల్లో దానికి పోలినది ఏరి మరునాటికి పక్కన పెట్టుకోవాలి. రాయిని మళ్లీ ఉన్నచోటే బోర్లించి రావాలి.